చిక్కుడు పందిరి శలభములు

నాచారపు పారిశ్రామికవాడకు ఇవతల, పెరడనదగిన కొలదిపాటి మన్ను మిగిలిన యిండ్లలో, చలికాలము వచ్చుసరికి చిక్కుడుతీగ పందిరి నల్లుకొనును. అట్టి పందిరి చెంత తెల్లని పంచె కట్టి, దాని యెదుట దీపము నిలిపి, వచ్చి వ్రాలు శలభములను పరిశీలించుట కొంతకాలముగా నాకు వ్యాసంగమైనది. దీపము వెలిగించుట యెవరికైనను సాధ్యమే. వ్రాలినదానిని ముట్టక, తరుమక, దాని యాకృతి తెలియువరకు నిలిచియుండుట మాత్రము అభ్యాసముచేతగాని అలవడదు. ఉప్పల్ కూడలి వైపు వీధిదీపముల కాంతిలో మన దీపము వెలవెలబోవును గనుక, చీకటి మిగిలిన మూలను, వెన్నెల లేని రాత్రిని వెదకికొనవలయును.

నేనెదురుచూచునవి టెరోఫోరిడే కుటుంబపు సూక్ష్మశలభములు. రైతులకు ఈకరెక్కల పురుగులుగా తెలిసినవి. వ్రాలినప్పుడు ఎండుగడ్డిపోచకు అడ్డముగా మరియొక పోచ కట్టినట్లుండును. ముందురెక్క రెండు పాయలుగను, వెనుకరెక్క మూడు పాయలుగను చీలి, ఆ పాయల యంచులనిండ సన్నని కుచ్చు అమరియుండగా, కూర్చున్న తక్షణమే వెనుకరెక్కలను ముందురెక్కల క్రింద ముడిచి దాచుకొనుటచేత, ఇంతటి నిర్మాణవైచిత్రి తొందరపాటు చూపునకు చిక్కనే చిక్కదు. ప్రపంచమున వేయికి పైబడిన జాతులున్న యీ కుటుంబమును గూర్చి, తరువాత పూసా పరిశోధనసంస్థలో కీటకశాస్త్రజ్ఞుడైన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్, 1909లో సింహళద్వీపపు జాతులపై గ్రంథము వ్రాసెను. ఆయన పంపిన యనేక భారతీయ సూక్ష్మశలభములకు ఇంగ్లండున ఉపాధ్యాయుడైన ఎడ్వర్డ్ మేరిక్ నామకరణము చేసెను. బడిపనికి తోడుగా సాగిన ఆ దీక్షను తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును.

వీనిలో ఎక్సెలాస్టిస్ అటోమోసా కందికి శత్రువు. మొగ్గలపైనను లేతకాయలపైనను పెట్టిన గ్రుడ్లనుండి వెలువడిన పురుగు, మొదట కాయపైపొరను గీకి, పిదప రంధ్రము చేసి, తాను పూర్తిగా లోపలికి పోకయే గింజను తినివేయును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పండించు రైతునకు ఆ నష్టము చిన్నది కాదు. అతడు మందు కొట్టినచో తప్పుపట్టజాలను. పెరటి చిక్కుడుపైకిని ఇది వచ్చును గాని, అచ్చట మందు చల్లినచో, ఈ పురుగుపై పరాన్నజీవులై బ్రతుకు చిన్న కందిరీగలును నశించును.

కావున ఉప్పల్, నాచారముల పందిళ్ళవారికి నా మనవి: రంధ్రము పడిన కాయలను కోసి, పురుగును చేతితో ఏరివేయుడు, అమావాస్య దగ్గరి రాత్రి ఒకనాడు పందిరి చెంత దీపము పెట్టి చూడుడు.