తెరుచుకోని తలుపు: ఒక క్రిస్మస్ టెలివిజన్ చిత్రంపై పరిశీలన

అపోక్రిఫల్ నూతన నిబంధన రచనలను అనువదించి 1924లో ప్రచురించిన బైబిలు పండితుడు ఎం. ఆర్. జేమ్స్, క్రిస్మస్ కాలంలో కేంబ్రిడ్జి మిత్రులకు తన దయ్యాల కథలు చదివి వినిపించేవాడు. 1904లో గ్రంథస్థమైన వాటిలో ఒక కథను నీల్ క్రాస్ టెలివిజన్‌కు మలచగా, 'విజిల్ అండ్ ఐ విల్ కమ్ టు యు' పేరుతో బి.బి.సి. 2010 డిసెంబరు 24న ప్రసారం చేసింది.

మూలకథలో ఆత్మలను నమ్మని ఆచార్యుడు పార్కిన్స్ శిథిలాలలో దొరికిన ఈల ఊదుతాడు. దానిపై లతీనులో "వచ్చుచున్న ఇతడెవడు?" అన్న ప్రశ్న ఉంది. భయంకరమైనదేదో వస్తుంది, అయితే కల్నల్ గదిలోకి వచ్చి అతణ్ణి కాపాడతాడు.

చిత్రంలో ఈలకు బదులు ఉంగరం. జ్ఞాపకం కోల్పోయిన భార్యను సంరక్షణ గృహంలో విడిచివచ్చిన వృద్ధుడే పార్కిన్. కాపాడేవారు లేరు, అతడు మరణిస్తాడు.

ఈ మార్పును మేము తేలికగా త్రోసివేయము. జ్ఞాపకం పోయినవారు ఇంకా వ్యక్తులేనా? ఆ పడకల ప్రక్కన కూర్చున్న కాపరులముగా, మమ్మును గుర్తుపట్టని తల్లి కీర్తన వినగానే పెదవులు కదపడం చూచాము. ఆమె అక్కడే ఉన్నది. చిత్రం ఈ సత్యాన్ని గ్రహించింది గాని దానిని శిక్షగా మాత్రమే వాడుకొన్నది.

మా అభ్యంతరం దయ్యం గురించి కాదు, తెరుచుకోని తలుపు గురించి. యెషయా 63:1లోనూ అదే ప్రశ్న ఉన్నది. అక్కడ వచ్చువాడు రక్షించుటకు వచ్చుచున్నాడు. క్రిస్మస్ ముందు రాత్రి ఆ ప్రశ్న అడిగిన కథకు ఆ జవాబు కనీసం తలుపు చప్పుడుగానైనా వినిపించవలసినది.