నీరటోడు లేని టెండరు

నీళ్ల పథకాల మీద మన దగ్గర రెండు రకాల రాతలే వస్తున్నాయి. ఒకటి సర్కారు రాయించే పొగడ్త: ఇన్ని కిలోమీటర్ల పైపు, ఇన్ని టాంకీలు, ఇన్ని లక్షల నల్లాలు. రెండోది ప్రతిపక్షం రాసే అవినీతి చిట్టా: అంచనాలు పెంచిండ్రు, కమీషన్లు తిన్నరు, పైపులు పగిలినయి. అధికారం మారినప్పుడల్లా ఈ రెండు రాతలూ పార్టీలు మార్చుకుంటాయి, అంతే. నీళ్ల పని ఎవరి చేతులతో జరుగుతుంది, ఆ పని మీద డబ్బు ఎవరి చేతికి పోతుంది, ఈ రెండు చేతుల కులాలేమిటి అన్న ప్రశ్న రెండింటిలోనూ కనబడదు. పైపుకు కులమేంది అని ఇద్దరూ ఒకే గొంతుతో అడుగుతారు.

కథను, కవిత్వాన్ని, పాఠ్యపుస్తకాన్ని, సినిమాను కులం కన్నుతో చదవడం దళిత విమర్శ మనకు నేర్పింది. టెండరు నోటీసును మాత్రం ఇంజనీర్లకు, గుత్తేదార్లకు వదిలేసినం. అది సాంకేతిక కాగితమని, అందులో మనకు పనిలేదని అనుకున్నం. నా ఉద్దేశంలో గత ముప్పై ఏళ్లలో దళితవాడ బతుకును ఏ నవలకన్నా ఎక్కువగా రాసిపెట్టిన పాఠం టెండరు కాగితమే. దాన్ని కూడా చదవాలె.

ఆసిఫాబాద్‌నే తీసుకుందాం. పాత పేరు జనగాం. నిజాం కాలంలో జిల్లా కేంద్రం, తర్వాత ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా ఊరు, 2016 అక్టోబర్ 11 నుంచి మళ్లీ కొమురం భీం పేరున్న జిల్లాకు కేంద్రం. జల్, జంగల్, జమీన్ అన్న మాటను మనం ఎవరి పేరుతో తలుచుకుంటామో ఆ భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగింది ఈ గడ్డ మీదనే. ఆ మూడు మాటల్లో మొదటిది నీళ్లు. ఆసిఫాబాద్ పక్క నుంచే పెద్దవాగు ప్రాణహిత వైపు పోతుంది. ఆ వాగు మీద ఆడ గ్రామం దగ్గర జలయజ్ఞం రోజుల్లో కట్టిన ప్రాజెక్టుకూ కొమురం భీం పేరే పెట్టారు. నిల్వ సామర్థ్యం 10 టిఎంసీల పైచిలుకు, లక్ష్యంగా చెప్పిన ఆయకట్టు 45,500 ఎకరాలు. తర్వాత మిషన్ భగీరథ వచ్చి ఇదే జలాశయాన్ని తాగునీటికి ఆధారం చేసుకుంది. పేరు భీంది, వాగు అడవిది, కాగితం హైదరాబాద్‌ది.

మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రి ప్రారంభించారు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, నగరపాలక సంస్థలో 150 అని లెక్క పెట్టారు. పరిశ్రమలకు పది శాతం పక్కకు తీశారు. ఖర్చు అంచనా 40 వేల కోట్లు దాటింది, అందులో చాలా భాగం అప్పు. పల్లెవాళ్లకు దాహం తక్కువ, పట్నంవాళ్లకు ఎక్కువ అన్న ఈ కొలత ఎక్కడిదని ఎవరూ అడగలేదు. పొద్దంతా పత్తి చేనులో ఉండి వచ్చిన మనిషికి నగరంలో మనిషికన్నా 50 లీటర్లు తక్కువ సరిపోతాయని లెక్క కట్టిన ఇంజనీరు ఏ చేనులోనూ పనిచేసి ఉండడు.

ఇక టెండరు. ఇలాంటి పెద్ద పనులను ఇపిసి పద్ధతిలో ఇస్తారు. అంటే సర్వే చేసేది, డిజైను గీసేది, సామాను కొనేది, కట్టేది అంతా ఒక్క కంపెనీయే. వాగులో ఇన్‌టేక్ బావి, అక్కడి నుంచి మోటార్లతో శుద్ధి కేంద్రం, నీటికి గాలి తగిలించే మెట్లు, పటిక కలిపి మడ్డిని అడుక్కు దించే గుండ్రటి తొట్లు, ఇసుక ఫిల్టర్లు, క్లోరిన్ గది, గుట్ట మీద పెద్ద సంపు, ఊరూరికీ పైపు. ఇందులో విడివిడిగా చూస్తే చిన్న గుత్తేదారు చేయలేని పనులు తక్కువే. కాని అన్నింటినీ ఒకే మూటగా కట్టి, వందల కోట్ల ప్యాకేజీ చేస్తారు. ఆ మూటను ఎత్తడానికి అర్హత ఏమిటి? కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో చెప్పిన కొలత చూడండి: గత మూడేళ్ల సగటు వార్షిక టర్నోవరు అంచనా విలువలో 30 శాతం ఉండాలె. గత ఏడేళ్లలో అలాంటి పనే చేసి ఉండాలె. 40 శాతం విలువవి మూడు గాని, 50 శాతానివి రెండు గాని, 80 శాతానిది ఒకటి గాని. రాష్ట్రాల టెండర్లలో అంకెలు అటూ ఇటూ మారొచ్చు, తర్కం మారదు. వంద కోట్ల పని కావాలంటే 80 కోట్ల పని ముందే చేసి ఉండాలె. ఆ 80 కోట్ల పనికి 64 కోట్ల పని. ఇట్ల వెనక్కి పోతుంటే చివరికి తేలేది ఎవరి తాతకు భూమి ఉండె, ఎవరి తండ్రి దాన్ని కుదువబెట్టి మొదటి కాలువ పని పట్టిండు అన్నదే. ఈ షరతులో కులం అన్న మాట ఎక్కడా లేదు. మనుస్మృతి కులం పేరు చెప్పి తలుపు మూసింది, ఇది పేరు చెప్పకుండ మూస్తుంది.

మరి పెద్ద కంపెనీకి ఇస్తే పనైనా నికరంగా జరుగుతుందా? ఇదే ఇపిసి పద్ధతిలో నడిచిన జలయజ్ఞం మీద కాగ్ 2012లో నివేదిక ఇచ్చింది. సర్వేలు, భూసేకరణ, అనుమతులు పూర్తికాక ముందే పనులు అప్పగించారని తప్పుపట్టింది. అంటే 'అనుభవం' అన్న అర్హత పనిని కాపాడలేదు. అది కాపాడింది వరుసను.

ఇక్కడ ఒక పాత మనిషిని గుర్తు చేసుకోవాలె. తెలంగాణ చెరువుల కింద నీరటి ఉండేవాడు. వాడుకలో నీరటోడు. కరీంనగర్ వైపు ఎక్కువగా మాల, మాదిగ ఇండ్లలోనివాళ్లే ఆ పని చేసేవాళ్లు. తూము ఎప్పుడు ఎత్తాలె, ఏ మడికి ఎంతసేపు పారించాలె, మత్తడి పొర్లేముందు కట్టమీద ఎక్కడ మట్టి వేయాలె అన్నది ఆయనకే తెలుసు. నాగలి పట్టిన ప్రతి దొరా ఆ చేతి కింద నీళ్లు తీసుకున్నవాడే. కాని అదే మనిషి ఊరి చేదబాయి గట్టెక్కితే బాయి మైలపడింది. పొలానికి నీళ్లిచ్చే చెయ్యి కుండలో నీళ్లు ముట్టరాదు. ఈ పనికి ఇచ్చింది ఇంత ఇనాం భూమి, కల్లంలో ఇంత మేర, మిగతాదంతా వెట్టి. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేను. మా తాత తూము ఎత్తినవాడు. హైడ్రాలజీ అన్న మాట నేను క్లాసులో విన్నప్పుడు అది మా ఇంటి పని అని ఎవరూ చెప్పలేదు.

ఈ గ్రామ సేవకుల వారసులే తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులైనరు. 2023లో తెలంగాణ సర్కారు 20 వేల మందికి పైగా వీఆర్ఏలను వేరే శాఖలలో సర్దింది. నీటిపారుదల శాఖలో లష్కర్లుగా, మిషన్ భగీరథలో సహాయకులుగా కొందరు పోయినరు. వెట్టి నుంచి జీతానికి రావడం చిన్న విషయం కాదు, దాన్ని కాదనను. కాని చూడండి, నీరటి తిరిగి నీళ్ల దగ్గరికే వచ్చిండు, మళ్లీ అట్టడుగు మెట్టు మీదికే. తరాల నీళ్ల పనిని ఏ టెండరూ 'అలాంటి పని అనుభవం'గా లెక్కపెట్టదు. ఆ అనుభవానికి టర్నోవరు లేదు.

ఇప్పుడు అవతలి వాదన కూడా వినాలె, ఎందుకంటే అది బలమైనదే. ఇంటింటి నల్లా దళిత స్త్రీకి చేసిన మేలు చట్టాలు చేయలేదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చెరువు నీళ్లు తాగడానికి వేల మందితో నడవాల్సి వచ్చింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చినా ఊరి బాయి దగ్గర పైనుంచి ఎవరో పోస్తే దోసిలి పట్టడం ఆగలేదు. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ల చెరువును మురికి చేయవద్దన్నందుకు, అడ్డం పడిన మున్నంగి సువార్త మీద చెయ్యెత్తి, మర్నాడు ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు. ఉమ్మడి నీటి దగ్గర ఇంత హింస ఉన్నచోట, ఎవరి వాకిట్లో వారి నల్లా అన్నది విడుదలే. బిందె పట్టుకొని ఎవరి దయకోసమూ నిలబడనక్కరలేదు. పథకాన్ని మొత్తంగా దోపిడీ అని కొట్టేసే మన మిత్రులు ఈ ఒక్క విషయం వాడలోని ఆడవాళ్లను అడిగి రాయాలె.

అయితే నల్లా ఇంటిదే గాని నీళ్లు లైనువి. ఊరి టాంకీ ఎక్కడ కట్టాలె, లైను ఎటు నుంచి ఎటు తిప్పాలె అన్నది ఊరి లోపలి పని. ఆ చిన్న పని పట్టేది స్థానిక పెత్తందారు మనిషే. వాడ ఊరి చివర ఉంటుంది కాబట్టి లైనుకూ చివరే. ముందు ఇండ్లవాళ్లు నల్లాకు మోటరు బిగిస్తే చివరి నల్లాకు గాలి వస్తుంది. పల్లె నల్లాలకు మీటర్లు లేవు కాబట్టి వంద లీటర్లు ఎవరికి చేరినయో, ఎవరికి చేరలేదో తెలిపే కాగితమే లేదు. లెక్కల్లో ఊరికి నీళ్లు చేరినట్టే. మాల, మాదిగ, నేతకాని వాడలు ఇట్ల చివర మిగిలితే, గుట్టల మీది కోలాం గూడేలు ఇంకా అవతల. ఎండాకాలం వాగులో చెలిమె తోడుకొని తాగే గూడేలు ఆసిఫాబాద్ ఏజెన్సీలో ఉన్నయి. ఇదే ఆదిలాబాద్ అడవిలో 1998లో, 2010లో వానాకాలం జ్వరాలు, వాంతులు-విరేచనాలు ఎంతమందిని తీసుకపోయినయో పాతవాళ్లకు గుర్తే. 1996 నాటి పీసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పంచాయతీలదే అన్నది. ఆ చట్టం ప్రకారం కోలాంవాళ్ల మాట వినాల్సినచోట, వాళ్ల నీళ్ల కాగితం మూడు వందల కిలోమీటర్ల దూరంలో తయారవుతుంది.

వాల్వు తిప్పేది ఎవరు? 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఊరి కార్మికులందరినీ మల్టీపర్పస్ వర్కర్లు అన్నారు. పొద్దున మోరీ తీసిన మనిషే మధ్యాహ్నం ట్రాక్టరు నడపాలె, సాయంత్రం నల్లా విడవాలె, టాంకీలో దిగి కడగాలె. మొదట నెలకు 8,500 రూపాయలు, తర్వాత 9,500. వీళ్లలో అత్యధికులు ఎవరో చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు. మాదిగ చెయ్యి ముట్టిన నీళ్లే ఊరంతా తాగుతుందన్నది ఇవాళ నిజం, ఊరు దాన్ని చూడనట్టు నటిస్తుంది.

ఈ కథ మరో కొస హైదరాబాద్‌లో ఉంది. ఆ కొసకు కూడా నీళ్లు మన దగ్గరి నుంచే పోతున్నయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సరిహద్దులో గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి ఉంది. 20 టిఎంసీల జలాశయం, ముంపు రెండు జిల్లాల ఊర్లది. 2015లో అక్కడి నుంచి సుమారు 186 కిలోమీటర్ల పైపు వేసి రోజుకు 172 మిలియన్ గ్యాలన్ల లెక్కన హైదరాబాద్‌కు నీళ్లు తీసుకపోయినరు. ఆ ఎత్తిపోత, శుద్ధి, పైపు అంతా పెద్ద కంపెనీల పని. నగరం ఆ నీళ్లను తాగి, కడిగి, మురికి చేసి వదిలిన తర్వాత మాత్రం దళితుడు గుర్తుకు వస్తడు. 2017 జూన్‌లో హైదరాబాద్ జలమండలి, దళిత వాణిజ్య మండలి డిక్కీతో కలిసి, మురుగు కాలువలు శుభ్రం చేసే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత యజమానులకు ఇచ్చింది. మ్యాన్‌హోల్‌లో మనిషి దిగకుండ చూసే ఏ యంత్రమైనా మంచిదే. 1993 చట్టం, 2013 చట్టం వచ్చినా చావులు ఆగలేదు. సుప్రీంకోర్టు 2014లో పది లక్షలు అన్న పరిహారాన్ని 2023లో ముప్పై లక్షలు చేయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. అయినా ఒక మాట అడగాలె: దళితుణ్ని గుత్తేదారును చేయాలన్న బుద్ధి పుట్టినప్పుడు అది మురుగు కొస దగ్గరే ఎందుకు పుట్టింది? శుద్ధి కేంద్రం దగ్గర ఎందుకు పుట్టలేదు? కార్మికుడు యజమాని అయిండు, పని మాత్రం మారలేదు.

దీనికి మనవాళ్ల జవాబు కాంట్రాక్టుల్లో రిజర్వేషన్. 2002 భోపాల్ డాక్యుమెంట్ నాటి నుంచి ఆ డిమాండు ఉంది. కర్ణాటక 2016 చట్ట సవరణతో 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం ఇచ్చి, 2023లో ఆ హద్దును కోటికి పెంచింది. కేంద్రం 2012లో చిన్న పరిశ్రమల నుంచి కొనుగోళ్ల విధానంలో ఎస్సీ, ఎస్టీలకు నాలుగు శాతం పెట్టింది, నిర్మాణ పనులు మాత్రం దాని బయటనే. సాధించుకోవలసినవే ఇవి. కాని హద్దు కోటి, మూట వందల కోట్లు అయినప్పుడు ఆ రిజర్వేషను వర్తించడానికి పనే మిగలదు. అన్నీ ప్యాకేజీలోకి పోతయి. మిగిలిన చిన్నపనిలో కూడా పేరు మనది, పెట్టుబడి, లాభం దొరవి అయ్యే బినామీ బాగోతం ఆసిఫాబాద్ బస్టాండు హోటల్లో కూర్చున్నా వినబడుతుంది. కాబట్టి వాటా కోసం కొట్లాడేవాళ్లు ముందు మూటను విప్పమని అడగాలె: ఫిల్టరు పని వేరు, టాంకీ వేరు, ఊరి లోపలి లైను వేరు, నిర్వహణ వేరు.

అందుకు ముందుగా కావలసింది సమాచారం. ప్రతి నీళ్ల ప్యాకేజీలో అసలు గుత్తేదారు ఎవరు, సబ్ కాంట్రాక్టు ఎవరిది, కందకం తవ్విన పాలమూరు కూలీకి రోజుకు ఎంత ముట్టింది, శుద్ధి కేంద్రంలో షిఫ్టు చేసే మనిషి ఎవరి జీతగాడు, టాంకీ కడిగేది ఏ వాడ మనిషి, చివరి నల్లాకు వారంలో ఎన్ని గంటలు నీళ్లు వచ్చినయి. 2005 సమాచార హక్కు చట్టం కింద మొదటి రెండూ రాతపూర్వకంగా అడగవచ్చు. మిగతావి ఏ ఫైలులోనూ దొరకవు. ఆసిఫాబాద్, వాంకిడి, కాగజ్‌నగర్ కాలేజీల్లో చదివే మన పిల్లలు వాడల్లో, గూడేల్లో నల్లా పక్కన గడియారం పట్టుకొని కూర్చొని రాసుకోవలసిందే.