బాకా లేని పెట్టె

గ్రామఫోను అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు మొట్టమొదట నిలబడేది బాకా. పెద్ద ఇత్తడి బాకా, ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్నది. దాని ముందు తల ఓరగా పెట్టి వింటున్న కుక్క. శుభలేఖ మీద సన్నాయి బొమ్మ ఎలాగో, పాత పాటల కార్యక్రమం కరపత్రం మీద ఈ బాకా అలాగ. అది లేకపోతే జనానికి నమ్మకం కుదరదు.

అయితే మన పల్లెల్లో, చిన్న చిన్న బస్తీల్లో, బొగ్గుబాయిల కాలనీల్లో ఇంటింటికీ తిరిగి పాడిన గ్రామఫోనుకు చాలావరకు బాకా కనబడదు సుమండీ! అది నల్లగుడ్డ అంటించిన ఒక చదరపు పెట్టె. పైన తోలుపిడి, ముందు గొళ్ళెం. మూసి చేత్తో పట్టుకుంటే ఎవరో ఊరికి ప్రయాణమైనట్టు ఉంటుంది. మూత తీస్తే లోపల పళ్ళెం, వంకర చెయ్యి, దాని కొసన గుండ్రటి సౌండు బాక్సు, ఓ మూల పిన్నుల గిన్నె. "కీ" ఇచ్చే హ్యాండిలు కూడా లోపలే ఒదిగి ఉంటుంది. దీని గురించి రాసేవాళ్ళు తక్కువ, దీన్ని దాచుకునేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకనే ఈ నాలుగు మాటలు.

గోదావరిఖని ఈ పెట్టె పుట్టినిల్లు కాదు, మెట్టినిల్లు. సింగరేణి కథ పాతదే. ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు జాడ పట్టింది 1871లో. తవ్వకం 1889 నాటికి మొదలైంది. కాని రామగుండం వైపు బాయిలు తెరిచింది 1961లో. చిత్రమేమిటంటే సరిగ్గా ఆ రోజులకు ఈ పెట్టెల తయారీ విదేశాల్లో ముగిసిపోయింది. అంటే ఖని పుట్టేసరికే గ్రామఫోను పెట్టె ముసలిదైపోయిందన్నమాట. మరి ఇక్కడికెలా వచ్చింది? బదిలీ మీద వచ్చిన కార్మికుడి సామానుతో వచ్చింది. బెల్లంపల్లి నుంచి, కొత్తగూడెం నుంచి మనుషులు ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, మరచెంబు పట్టుకొని రైలెక్కితే, వాటి పక్కన ఇదీ ఎక్కింది. కాజీపేట-బల్లార్షా లైను మీద అది కుదుపులు తిని ఉంటుందే గాని, పాట మానేసి ఉండదు. దాన్ని చేసినవాళ్ళు ప్రయాణానికే చేశారు.

ఇక్కడే దీని పనితనం గురించి మాట్లాడాలి. బాకా అనేది అలంకారం కాదు, అవసరం. పిన్ను గాడిలో కదిలితే సౌండు బాక్సులోని పల్చటి రేకు వణుకుతుంది. ఆ వణుకు చెవికి ఆనాలంటే సన్నగా మొదలై క్రమంగా వెడల్పయ్యే దారి కావాలి. ఆ దారే బాకా. మరి పెట్టెలో దాన్ని ఎక్కడ పెట్టాలి? ఒక్కొక్క కంపెనీ దీనికి ఒక్కొక్క జవాబు చెప్పింది. పెట్టెలు పోగుచేసేవాడికి అసలు సరదా ఈ జవాబులు పక్కపక్కన పెట్టి చూడడంలోనే ఉంది.

1914లో ఇంగ్లండులో వచ్చిన డెక్కా వారి పెట్టె మూతలో ఒక గిన్నె బిగించింది. శబ్దం వెళ్ళి ఆ గిన్నెకు తగిలి మన వైపు తిరుగుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు దీన్ని కందకాల్లోకి మోసుకెళ్ళారు. ఉపాయం మంచిదే గాని, గిన్నె గిన్నే, బాకా బాకాయే. 1920లలో స్విట్జర్లండులో మికీఫోను అనేదొకటి చేశారు. పెద్ద గడియారమంత గుండ్రటి డబ్బా, విప్పి అతికిస్తే గ్రామఫోను. కోటు జేబులో పడుతుందని ప్రకటించారు. పడుతుంది, నిజమే. కాని పదంగుళాల ప్లేట్లు ఏ జేబులో పడతాయో వాళ్ళు చెప్పలేదు! ఇవాళ సంపన్నులైన సేకర్తలు దానికోసం ఎగబడతారు. నా మటుకు నాకు అది చమత్కారమే గాని సంగీతం కాదు.

హెచ్.ఎం.వి. వారి జవాబు వేరు. 1925లో 101 నంబరు పెట్టె తెచ్చారు. 1931లో 102 వచ్చి 1950ల చివరిదాకా నడిచింది. పాతికేళ్ళకు పైగా ఒకే నమూనా నిలబడ్డదంటే ఊరికే కాదు. వీటిలో బాకాను మడిచి పళ్ళెం కింద, పెట్టె పొట్టలో దాచారు. దాని నోరు వెనకవైపు తెరుచుకుంటుంది. మనం మూత ఎత్తి నిలబెడితే ఆ మూతకు తగిలి పాట గదిలోకి వస్తుంది. మూత ఇక్కడ కప్పు మాత్రమే కాదు, వాద్యంలో భాగం. దాన్ని సగం వంచి చూడండి, పాట గొంతు పట్టేసినట్టవుతుంది.

101లో మొదట వచ్చిన వాటికి హ్యాండిలు ముందువైపు ఉండేది. తర్వాత పక్కకు మార్చారు. బల్ల మీద పెట్టుకునే దొరలకు ఎలా ఉన్నా ఫరవాలేదేమో గాని, చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చుని కీ ఇచ్చే మనకు పక్క హ్యాండిలే సుఖం. ఎడమచెయ్యి పెట్టె మీద ఆనించి కుడిచేత్తో తిప్పుకోవచ్చు. ముందు హ్యాండిలైతే మోకాలికి తగులుతుంది.

గొంతు విషయానికి వస్తే 101కి అభ్రకం రేకు ఉన్న నాలుగో నంబరు సౌండు బాక్సు, 102కి తర్వాత అల్యూమినియం రేకు ఉన్నవి బిగించారు. అల్యూమినియం గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. సినిమా పాటకు, వాద్యాలన్నీ కలిసి మోగేచోట అదే మేలు. కాని కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యం వినాలంటే నేను అభ్రకానికే ఓటు వేస్తాను. రాగం సాగదీసినచోట అందులో ఒక మెత్తదనం ఉంటుంది. కొత్తది కాబట్టి 102 అన్నిటా గొప్పదని సేకర్తల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఏ ప్లేటుకో చెప్పకుండా ఆ మాట అనడం తగదు.

పొట్టలో ఉన్న యంత్రం బాయి మనుషులకు కొత్తేమీ కాదు. చుట్టచుట్టిన ఉక్కుపట్టీ విప్పుకుంటూ పళ్ళేన్ని తిప్పుతుంది. ఆ వేగం అదుపులో ఉంచేది గవర్నరు. మూడు చిన్న గుండ్లు గిర్రున తిరుగుతూ, వేగం పెరిగితే బయటికి జరుగుతాయి. దాంతో ఒక బిళ్ళ జరిగి బ్రేకుకు ఆనుకుంటుంది. ఇంజన్ల దగ్గర పనిచేసిన ఫిట్టరుకు ఇది ఒక్క చూపులో అర్థమవుతుంది. పట్టీ కొసన తెగితే ఆ కొసను కాల్చి, మెత్తబరిచి, కొత్త బెజ్జం వేసి మళ్ళీ ఎక్కించడం వర్కుషాపు చేతులకు తెలిసిన విద్యే. కాకపోతే డబ్బా విప్పేటప్పుడు జాగ్రత్త! ఆ పట్టీ ఎగిరిందంటే వేళ్ళు తెగుతాయి.

బొగ్గుదుమ్ము మాత్రం దీనికి బద్ధశత్రువు. గ్రీజులో కలిసి మడ్డిలా పేరుకుంటుంది. రామగుండం ఎండ ఇంకో శత్రువు. నలభై అయిదు డిగ్రీలు దాటే వేసవిలో కిటికీ దగ్గర పెట్టిన ప్లేటు అప్పడంలా వంకరపోతుంది. ప్లేటులో ఉన్నది లక్కే కదా మరి. ఇన్నిటికీ ఓర్చి ఖనిలో ఏ ఇంటి అటక మీదనైనా ఒక పెట్టె మిగిలి ఉందంటే, ఆ ఇంటివాళ్ళకు నమస్కారం పెట్టాలి.

ఇంతా చెప్పి అసలు బాధ చెప్పకపోతే ఎలా? ఆ మిగిలిన పెట్టెలు ఇప్పుడు చచ్చిపోతున్నది దుమ్ము వల్లా కాదు, ఎండ వల్లా కాదు. బాకా మీది మోజు వల్ల.

హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో, బొంబాయి చోర్ బజారులో తళతళలాడే ఇత్తడి బాకాల గ్రామఫోన్లు వరసగా కనిపిస్తాయి. హోటలు వాకిట్లో, సినిమా సెట్టులో, కొత్తగా కట్టిన డూప్లెక్సు హాల్లో కూడా అవే. చెక్కపెట్టె ఆరుపలకలదో ఎనిమిది పలకలదో, దానికి కుక్కబొమ్మ రేకు ఒకటి. వందేళ్ళనాటిదని చెబుతారు. పాలిష్ మాత్రం నిన్నటిది. బాకా కొత్తగా సాగగొట్టిన పల్చటి ఇత్తడి. మరి లోపల తిరిగే యంత్రం ఎక్కడిది? పళ్ళెం ఎక్కడిది? సౌండు బాక్సు ఎక్కడిది? చాలావాటిలో అవి ఇలాంటి చేతిపెట్టెల పొట్ట చీల్చి తీసినవి. యంత్రం కొత్తగా చెయ్యడం కష్టం, పాత పెట్టె కొనడం చవక. ఒక పాత సామాను వ్యాపారి నాతో దాపరికం లేకుండానే అన్నాడు:

"బాకా లేదు గద సారూ, దీన్నెవలు కొంటరు? ఇందుల మిషిన్ దీసి బాకాకు బెడితే మంచి రేటొస్తది."

అతన్ని తిట్టి లాభం లేదు. అతను అమ్మేది మనం అడిగేదే. తప్పంతా కొనేవాడి కంటిలో ఉంది, ఆ కంటికి శిక్షణ ఇచ్చింది కుక్కబొమ్మ. ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు మొదట గీసిన బొమ్మలో కుక్క ముందున్నది గ్రామఫోను కానే కాదు, గొట్టాల మీద పాడే ఫోనోగ్రాఫు. 1899లో కంపెనీ కొనేటప్పుడు దాన్ని చెరిపించి తమ గ్రామఫోను వేయించుకుంది. అలా దిద్దిన బొమ్మనే తర్వాత ఈ పెట్టెల మూతల్లో అంటించారు. బాకా కనబడకుండా చెయ్యడానికి ఇంజనీర్లు అన్ని తంటాలు పడితే, ఆ మూతలోనే కుక్క ఇంకా బాకాలోకి చూస్తూ ఉంటుంది! జనం పెట్టెను వదిలి బొమ్మను నమ్మారు.

ఇత్తడి బాకా కొనుక్కునేవాళ్ళ ఆనందానికి నేను అడ్డం రాను. హాల్లో పూలకుండీ పెట్టుకున్నట్టు పెట్టుకోవచ్చు. పురాతనమని మాత్రం అనకండి, ప్లేటు వేసి పాడించకండి. పొట్టిపెట్టె కోసం కొలిచి చేసిన చేతిని వేరే గొట్టానికి అతికిస్తే పిన్ను గాడిలో సరిగ్గా కూర్చోదు, ప్లేటు గీసుకుపోతుంది. ఘంటసాల "పుష్పవిలాపం" పాత లక్కప్లేటు ఎవరింట్లోనైనా ఉంటే దాన్ని అలాంటి మిషను దగ్గరకు కూడా పోనివ్వకూడదు.

అటక మీది పెట్టె అమ్మేద్దామనుకునేవాళ్ళు ముందు దించి చూడండి. నల్లగుడ్డ చిరిగినా, మూల రేకు తుప్పుపట్టినా కంగారులేదు. రంగు వెయ్యకండి, పాలిష్ పెట్టకండి. సౌండు బాక్సులో రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, పాట గరగరలాడేది చాలాసార్లు దానివల్లే, రబ్బరు మారిస్తే పోతుంది. పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టించండి. నిండా కీ ఇచ్చి నెలల తరబడి వదిలెయ్యకండి, పట్టీ అలిసిపోతుంది. పిన్నులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. పూర్వం పొదుపుకని ఒకే పిన్నును రాతికి రుద్ది పది ప్లేట్లు వేసేవాళ్ళు. ఆ పని మటుకు చెయ్యకండి. ప్లేటు ఒక వైపుకు ఒక పిన్ను.