చందా అడిగే రేడియో

మా నాన్న ఏడాదికొకసారి పోస్టాఫీసుకి వెళ్ళి రేడియోకి పదిహేను రూపాయలు కట్టి వచ్చేవారు. చిన్న పుస్తకంలో ముద్ర వేసి ఇచ్చేవాళ్ళు. అది లైసెన్సు. కట్టకపోతే ఇన్‌స్పెక్టరు వస్తాడని భయం. ఏ ఇన్‌స్పెక్టరూ మా వీధిలోకి వచ్చిన జ్ఞాపకం నాకు లేదు గాని, భయం మాత్రం ఏటా తప్పకుండా వచ్చేది. 1980లలో ప్రభుత్వం ఆ లైసెన్సు ఎత్తేసేదాకా అలా కట్టిన డబ్బుకి మాకు విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారి కంఠం దక్కింది, నాటకాలు దక్కాయి. బేరం మంచిదే. కాని ఆ రేడియో మాదని మేమెప్పుడూ అనుకోలేదు. ఆకాశవాణి అన్న పేరులోనే ఉంది కదా, పైనుంచి వచ్చే మాట అని.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, 1990లలో హ్యూస్టన్ వచ్చిన కొత్తలో కారు రేడియో తిప్పుతుంటే 90.1 దగ్గర ఒకాయన డబ్బు పంపమని అడుగుతున్నాడు. పాట లేదు, వార్త లేదు, అదే అడగడం. పావుగంట అడిగాడు. గుడి మెట్ల దగ్గర గొంతు గుర్తొచ్చి స్టేషన్ మార్చేశాను. అదే కె.పి.ఎఫ్.టి. తర్వాత ఇరవై ఏళ్ళు పైన దాన్ని విన్నాను, చందా వారాలు వచ్చినప్పుడల్లా మార్చేస్తూనే. ఒక పత్రికను చందా కట్టకుండా పక్కింటి నుంచి తెచ్చుకుని చదివిన పాఠకుడు దానిమీద విమర్శ రాస్తే ఎలా ఉంటుందో, ఈ వ్యాసం కొంతవరకు అలాంటిది.

అడుక్కోవడంలా నాకు వినిపించిన దాని వెనక ఒక సిద్ధాంతం ఉందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనన్న లూయిస్ హిల్ అనే శాంతివాది 1946లో పసిఫికా ఫౌండేషన్ పెట్టి, 1949 ఏప్రిల్ 15న బర్క్‌లీలో కె.పి.ఎఫ్.ఎ. కేంద్రాన్ని ప్రారంభించాడు. సబ్బులమ్మేవాడి డబ్బుతో నడిచే రేడియోలో, మైకు ముందున్న మనిషి తాను నమ్మిన మాట చెప్పలేడని ఆయన వాదన. మరి డబ్బెక్కడిది? వినేవాళ్ళలో నూటికి ఇద్దరు ఏడాదికి పది డాలర్లిస్తే చాలని లెక్క వేశాడు. మిగిలిన తొంభై ఎనిమిది మందీ ఊరికే వినొచ్చు. ఆ లెక్కలో నాకు నచ్చింది ఈ రెండో సగం. గేటు లేదు, టిక్కెట్టు లేదు. ఊరికే వినేవాడు దొంగ కాదు, వాడి కోసమే ఆ ఇద్దరూ ఇస్తున్నారు. లెక్క వెంటనే కుదరలేదు లెండి. 1950లో డబ్బు చాలక కేంద్రం మూతపడింది. శ్రోతలే చందాలు పోగుచేసి 1951లో మళ్ళీ తెరిపించారు.

హ్యూస్టన్ కేంద్రం 1970 మార్చి 1న మొదలైంది. మే 12న ఎవరో ట్రాన్స్‌మిటర్ దగ్గర డైనమైట్ పెట్టి పేల్చేశారు. బాగుచేసుకుని మళ్ళీ మొదలుపెడితే అక్టోబరు 6న మళ్ళీ పేల్చారు. కు క్లక్స్ క్లాన్ మనిషి ఒకడికి ఆ కేసులో శిక్ష పడింది. శ్రోతల సంఖ్య తేల్చడానికి రకరకాల సర్వేలున్నాయి గాని, ఒక రేడియోని ఇంత శ్రద్ధగా విన్న శత్రువులుండటం కూడా ఒక కొలతే.

ఇక కార్యక్రమాలు. నేను విన్నవాటిలో సాహిత్యం అనదగ్గది ఒకటుంది: 'ప్రిజన్ షో'. 1980లో రే హిల్ మొదలుపెట్టాడు. కుర్రతనంలో బాప్టిస్టు ప్రచారకుడు, తర్వాత దొంగతనాల కేసుల్లో జైలుకెళ్ళినవాడు, బయటికొచ్చాక స్వలింగ సంపర్కుల హక్కుల కోసం, ఖైదీల కోసం ఊరంతా గొంతెత్తినవాడు. ఆయన మాటలో ఆ ప్రచారకుడూ ఆ ఖైదీ ఇద్దరూ వినిపించేవాళ్ళు. శుక్రవారం రాత్రి మొదటి గంట జైళ్ళ గురించి చర్చ. అది బాగానే ఉండేది, కాని అలాంటి చర్చ ఇంకెక్కడైనా దొరుకుతుంది. రెండో గంట మాత్రం ఎక్కడా దొరకదు. ఖైదీల ఇళ్ళవాళ్ళు స్టేషన్‌కి ఫోన్ చేసి, లోపల చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకున్న తమవాళ్ళతో మాట్లాడతారు. టెక్సస్ జైళ్ళలో ఖైదీలు ఇంటికి మామూలుగా ఫోన్ చేసుకునే ఏర్పాటు 2009 దాకా లేదన్నది గుర్తుపెట్టుకుంటే దీని బరువు తెలుస్తుంది.

ఆ మాటలు ఏ రచయితా రాసినవి కావు. కుక్క ఈనింది. పిల్లకి లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయి. ఆదివారం వద్దామంటే కారు పాడైంది. వినేది వేలమంది, మాట్లాడేది ఒక్కడితో. లోపలివాడు జవాబివ్వలేడు గనక, 'ఎలా ఉన్నావు నాన్నా?' అన్న ధోరణిలో ఒక తల్లి అడిగి ఆగుతుంది. జవాబుకి సరిపడా ఆగుతుంది. తర్వాత, వాడు బాగున్నానన్నట్టే, మిగతా కబురు చెబుతుంది. రేడియో నాటకంలో నిశ్శబ్దాన్ని వాడుకోవడం గురించి మనవాళ్ళు చాలా రాశారు. నేను విన్న నిశ్శబ్దాల్లో అంత పనిచేసినది మరొకటి లేదు. ఉషశ్రీ గారి 'ధర్మసందేహాలు' నాకు ప్రాణం. అయినా అందులో మన ఉత్తరం పైకి వెళ్ళేది, సమాధానం పైనుంచి దిగేది. ఇక్కడ పైన ఎవరూ లేరు. రే హిల్ అంతటి మాటకారి కూడా ఆ గంటలో నోరు మూసుకునేవాడు. దాన్ని నేను పెద్ద ప్రతిభ కింద లెక్కవేస్తాను.

అదే స్టేషన్‌లో మిగతా వేళలన్నీ ఇలా ఉంటాయని అనుకోకండి. జీతం లేకుండా పనిచేసేవాళ్ళమీద రాళ్ళు వెయ్యడం సులభం గాని, చెప్పక తప్పదు: ఏళ్ళ తరబడి ఒక వేళ చేతిలో ఉంటే అది ఇనాం భూమిలా అయిపోతుంది. తనతో ఏకీభవించేవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెప్పే ఉపన్యాసాలు విన్నాను. స్పాన్సరు లేకపోవడం స్వేచ్ఛే, కాని ఎడిటరు లేకపోవడం కూడా స్వేచ్ఛే అనుకున్నప్పుడు విసుగు పుడుతుంది. పసిఫికా కేంద్రాల చందా వారాల్లో ఆరోగ్య రహస్యాల డీవీడీలు బహుమానాలుగా అమ్ముడుపోవడం ఇంకో దారి తప్పడం. సబ్బు వద్దని బయల్దేరి చూర్ణం దగ్గరకి చేరాం. సంస్థలో తగాదాలు సరేసరి. 2019 అక్టోబరులో న్యూయార్క్ కేంద్రం డబ్ల్యు.బి.ఎ.ఐ. స్థానిక కార్యక్రమాల్ని పసిఫికా యాజమాన్యమే రాత్రికి రాత్రి ఆపేసింది. కోర్టు కలగజేసుకుంటే గాని నెల తర్వాత తిరిగి రాలేదు. చందా ఇచ్చినవాడికి మగ్గు వస్తుంది, టీషర్టు వస్తుంది. యాజమాన్యం వస్తుందని మాత్రం చెప్పలేం.

అయినా అడిగే పద్ధతిలో ఒక మర్యాద ఉంది. పాతిక డాలర్లిచ్చినవాడి పేరూ, ఊళ్ళో అతనుండే పేటా చదువుతారు. అంతే. మన సభల్లో దాత స్టేజి ఎక్కాలి, శాలువా కప్పించుకోవాలి, ఆ తర్వాత అతని తమ్ముడి కూతురు నాట్యం చెయ్యాలి. నేను కొన్నాళ్ళు కార్యవర్గంలో ఉన్న ఒక సంఘంలో, వెయ్యి మంది దగ్గర పదేసి డాలర్లు అడుగుదామంటే నవ్వారు. పదిమంది దగ్గర వెయ్యేసి తేవడం తేలికన్నారు. తేలికే. ఆ పదిమందీ చెప్పిన కార్యక్రమమే మిగతా తొమ్మిదివందల తొంభైమందీ చూశాం.

మనవాళ్ళకి ఇలాంటి రేడియో చేతకాదని కాదు. మెదక్ ప్రాంతంలో, జహీరాబాద్ దగ్గర మాచునూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు లైసెన్సు రాకముందే ఏళ్ళపాటు క్యాసెట్లు రికార్డు చేసుకుని, సంఘాల్లో వినిపించుకున్నారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పిచ్చిన ముగ్గురిలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారొకరు. అయినా ఆ ఆస్తిలో ఆ మహిళల వాటా చేతికి రావడానికి 2008 అక్టోబరు దాకా పట్టింది. సంగం రేడియోలో కొర్రల గురించి, విత్తనం దాచడం గురించి వాళ్ళ యాసలో వాళ్ళే చెప్పుకున్నారు. విజయవాడ కేంద్రం భాషకి చెవి పట్టిన నాకు ఆ మాట మొదట్లో సగం అర్థం కాలేదు. లోపం నా చెవిదే. ఇందులోనూ ఒక ముల్లుంది: మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. వానల గురించి మాట్లాడొచ్చు, వార్త చెప్పకూడదు.

అమెరికాలో 1967 చట్టంతో మొదలైన ప్రభుత్వ సాయానికి 2025 జూలైలో కాంగ్రెసు కత్తెర వేసింది. రెండేళ్ళకని ముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. పెద్ద ఊళ్ళ కేంద్రాలు ఎలాగో నెట్టుకొస్తాయి. పల్లెల్లో ఒకే గొంతు ఉన్న చోట దెబ్బ ఎక్కువ. లూయిస్ హిల్ వేసిన నూటికి ఇద్దరి లెక్క తప్ప వేరే లెక్క మిగలని కేంద్రాలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

నేను మొదటిసారి ఫోన్ చేసింది 2019లో. రే హిల్ అంతకు ముందు ఏడాది నవంబరులో పోయారు. కార్యక్రమాన్ని వేరే చేతులు నడుపుతున్నాయి. చందా వారం. ఈసారి స్టేషన్ మార్చలేదు, కారు పక్కన ఆపాను. ఎత్తినది వయసు మళ్ళిన ఆవిడ, వాలంటీరు. నా పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని, రెండుసార్లు తప్పు చదివి, నవ్వి, ఏ కార్యక్రమం పేరున రాసుకోమంటారని అడిగింది. ప్రిజన్ షో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "లోపల మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

లేరండీ, ఊరికే వింటాను అన్నాను.

"మంచిది," అని, జిప్ కోడ్ చెప్పమంది.