కాలక కాల్చు తీగ

విద్యుత్తుతో వేడి పుట్టించుట గొప్ప విద్య కాదు; పుట్టిన వేడికి పుట్టించిన తీగయే ఆహుతి కాకుండ నిలుపుట విద్య. ప్రవాహపు వర్గమును, తీగ యొడ్డు నిరోధమును బట్టి ఉష్ణము జనించునని జేమ్స్ జౌల్ 1841లోనే ప్రకటించి యుండగా, ఇంటింట నమ్మి వాడదగిన తీగ లభించుటకు మఱి 65 ఏండ్లు పట్టినది. ఇనుపతీగను ఎఱ్ఱగా కాల్చినచో గాలిలోని ఆమ్లజని సోకి త్రుప్పు పట్టి, ఆ త్రుప్పు పెళుసై రాలి, క్రింది లోహము మరల త్రుప్పునకు లోనగుచు, తుదకు తీగ తెగును. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందిన నైక్రోము, అనగా సుమారు 80 పాళ్లు నికెలు, 20 పాళ్లు క్రోమియము గల మిశ్రలోహము, త్రుప్పు పట్టనిది కాదు. పట్టిన త్రుప్పును రాల్చనిది. క్రోమియపు ఆక్సైడు పలుచని పొరయై, కవచమువలె తీగ నంటిపెట్టుకొని యుండును.

మా యింట కుంపటి అటుకెక్కిన పిదప చిరకాలము రాజ్యమేలినది కాయిలుపొయ్యి. పింగాణీ దిమ్మెపై చుట్లుగా తీసిన గాడిలో తీగ పఱుండి యుండును. అది తెగినప్పుడు రెండు కొసలను సాగదీసి మెలిపెట్టుట మన ఇండ్ల చికిత్స. తీగ కుఱుచయైనచో వేడి తగ్గునని తలచువారు పెక్కుమంది. గోడనుండి వచ్చు 230 వోల్టులు మాఱవు గనుక, నిరోధము తగ్గినకొలది ప్రవాహము హెచ్చి, కాయిలు మునుపటికంటె తీవ్రముగా కాలును. అంతకంటె చిత్రమేమన, తీగను కాపాడిన ఆ ఆక్సైడు పొరయే మెలికవద్ద విద్యుత్తు కడ్డుపడి, అచటనే అధికోష్ణము పుట్టించి, మరల అచటనే తెంపును. అందుచేత అనుభవజ్ఞుడైన మెకానిక్కు మెలిపెట్టుటకు ముందు కొసలను గరుకు కాగితముతో గీకును. నిజాయితీపరుడైనచో క్రొత్త కాయిలు కొనుమనును.

ఇస్త్రీపెట్టెలో పింగాణీకి చోటు లేదు. అచట పట్టీవంటి తీగను అభ్రకపు రేకుల నడుమ ఇమిడ్చిరి. విద్యుత్తును అడ్డగించుచు, వందల డిగ్రీల వేడికోర్చుచు, పలుచని రేకులుగా విడివడు ఈ ఖనిజమునకు నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతము ప్రసిద్ధము.

గీజరులోని తీగ గొట్టములో దాగియుండును. చుట్టును దట్టించిన మెగ్నీషియము ఆక్సైడు పొడి విద్యుత్తును ఆపి వేడిని మాత్రము నీటికి పోనిచ్చును. ఒకే పదార్థము ఈ రెండును చేయుట అరుదు. అయితే బోరునీటి సున్నము గొట్టముపై తెల్లని గారగా పేరుకొన్నచో, వేడి వెలికిపోలేక లోపలనే నిలిచి తీగను కాల్చివేయును. నీటిలో ముంచకమునుపే స్విచ్చి వేసిన హీటరు రాడ్డు కాలిపోవుటయు, వేడి వెడలు దారి లేకయే. “ఎలిమెంటు పోయినది” అని మనము తీగను నిందింతుము గాని, పోయినవాటిని విప్పి చూచినచో పెక్కింటికి గారయే హేతువు. ఏటికొకమారు దానిని గీకించుటకగు ఖర్చు క్రొత్తదాని వెలలో ఏ మాత్రము?