చిరునామా ఉన్న చేప, లేని చేప

జూలైలో లేక్ లానియర్ మీద పడవకు పడవ రాసుకుంటుంది. జనవరిలో తెల్లారేసరికి అదే నీటి మీద నాలుగైదు పడవలూ, బోలెడన్ని సీగల్స్, చెవుల మీదికి టోపీలు లాక్కున్న కొందరు మొండి మనుషులూ తప్ప ఇంకేం ఉండవు. అట్లాంటాకు ఉత్తరాన, జార్జియా రాష్ట్రంలో ఉందీ జలాశయం. పక్కనే ఉన్న కమింగ్, సువానీ, జాన్స్ క్రీక్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వేసవిలో పులిహోర డబ్బాలతో ఒడ్డుకు చేరే మనవాళ్లలో ఎక్కువమంది చలి మొదలయ్యాక అటు తొంగిచూడరు. గాలం వేసేవాళ్లను అడగండి, అసలు సీజన్ ఇదేనంటారు. చలి ఈ సరస్సులోని గజిబిజినంతా సర్దేస్తుంది. చేప ఎందుకు ఎక్కడుందో ఆలోచించి పట్టుకునే వీలు ఈ మూడు నెలల్లోనే ఎక్కువ.

లానియర్ సహజమైన సరస్సు కాదు. చట్టాహూచీ నది మీద 1950లో పని మొదలుపెట్టి, 1957లో ప్రారంభోత్సవం చేసిన బ్యూఫర్డ్ డ్యామ్ వెనక నిలిచిన నీరు. సుమారు 38,000 ఎకరాలు. కింద కొండవాగులు, పాత రోడ్లు, పొలాల గట్లు, నిలువునా మిగిలిపోయిన చెట్లు అలాగే ఉన్నాయి. గెయిన్స్‌విల్ దగ్గర మునిగిన లూపర్ స్పీడ్‌వే అనే కార్ల రేసు మైదానం మెట్లయితే నీళ్లు బాగా తగ్గిన కరువు ఏళ్లలో బయటపడి కనిపిస్తాయి. ఈ మునిగిన నేల నక్షాయే జాలరికి మొదటి పాఠం.

రెండో పాఠం నీటి గురించి. వేసవిలో పైన వేడినీరు, అడుగున చల్లనీరు విడివిడి పొరలుగా ఉండి, అడుగు పొరలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. చలి ముదిరేకొద్దీ పైనీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. చివరికి పొరలు చెరిగి నీరంతా కలిసిపోతుంది. ఆ తర్వాత చేప ఏ లోతులోనైనా బతకగలదు. అలాంటప్పుడు దాన్ని వెతకడం మరీ కష్టం కావాలి కదా? కాదు, ఎందుకంటే అది తన తిండి వెనకే పోతుంది. ఇక్కడ ఆ తిండి రెండు రకాలు: బ్లూబ్యాక్ హెరింగ్, థ్రెడ్‌ఫిన్ షాడ్. షాడ్ చలికి ఆగలేదు. నీరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ దగ్గరికి పడిందంటే సొమ్మసిల్లి చచ్చిపోవడం మొదలవుతుంది. పెద్ద చేపలు కింద కాచుకుని ఉంటాయి.

స్పాటెడ్ బాస్ చిరునామా ఉన్న చేప. వాగులు మునిగిన పల్లాలను ఇక్కడివాళ్లు 'డిచ్' అంటారు. పొద్దు పొడిచే వేళ ఎర చేపలు ఆ పల్లం వెంబడే ఒడ్డు వైపు ఎగబాకుతాయి, బాస్ వాటిని తరుముకొస్తుంది. ఎండెక్కాక అదే దారిన వెనక్కి జారి, 30 నుంచి 50 అడుగుల లోతులో సర్దుకుంటుంది. అప్పుడు వాడేది స్పూన్, అంటే వేలెడంత లోహపు రేకు. సోనార్ తెరమీద మసక ముద్దగా ఎర చేపలు, వాటి కింద వంపు గీతలుగా బాస్ కనిపించగానే పడవను సరిగ్గా పైన నిలిపి, స్పూన్ నిట్టనిలువునా వదలాలి. అడుగు తగిలాక అడుగో, అడుగున్నరో పైకెగరేసి, కొంచెం వదులుగా పడనివ్వాలి. పట్టు అంతా ఆ పడే క్షణంలోనే. చలికి మందగించిన చేప ఎగిరేదాని వెంట పడదు, చస్తున్న షాడ్‌లా ఊగుతూ దిగేదాన్ని నోట కరుస్తుంది. దారం కాస్త పక్కకు జరిగిందంటే చేప ఉన్నట్టే. గుంజినట్టు తెలిసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

స్ట్రైపర్ కథ వేరు. వెండి ఒంటి మీద నల్లటి పొడుగు చారలున్న ఈ చేప నిజానికి సముద్రానిది. మన పులస గోదావరికి ఎదురెక్కినట్టే, ఇది వసంతంలో అట్లాంటిక్ నుంచి నదుల్లోకి గుడ్లు పెట్టడానికి ఎక్కుతుంది. సౌత్ కరొలినాలో 1940ల మొదట్లో శాంటీ-కూపర్ జలాశయాలు కట్టినప్పుడు కొన్ని వెనకే చిక్కుకుపోయి, ఉప్పునీటితో పని లేకుండానే బతికాయి, పిల్లల్నీ పెట్టాయి. మంచినీటి జలాశయాల్లో స్ట్రైపర్ పెంపకానికి దారి పడింది అక్కడే. దాని గుడ్లు పొదిగేదాకా, దాదాపు రెండు రోజులు, పారే నీటిలో తేలుతూ ఉండాలి. లానియర్‌లో అంత పారుదల లేదు. అందుకే ఇక్కడి స్ట్రైపర్లను రాష్ట్ర ప్రభుత్వం హేచరీల్లో పెంచి వదులుతుంది.

దీనికి ఇల్లూ వాకిలీ ఉండవు. గుంపుగా తిరుగుతుంది, ఇవాళ్టి చోట రేపు ఉండదు. కాబట్టి ముందు ఆకాశం చూడాలి. సీగల్స్ నీటిమీద తీరిగ్గా కూర్చుంటే దండగ. గిరికీలు కొట్టి ముక్కుతో నీటిని పొడుస్తుంటే కింద వేట సాగుతున్నట్టు. లూన్ అనే నీటిపక్షి మునిగి కింద నుంచి తరిమితే ఎర చేపలు పైకొస్తాయి, దాన్నీ కనిపెట్టి ఉండాలి.

పట్టే పద్ధతుల్లో డౌన్‌లైన్ది పెద్దపీట. ఒకటి రెండు ఔన్సుల సీసపు గుండు, దాని కింద నాలుగైదు అడుగుల సన్నని దారం, చివర గాలానికి ముక్కు దగ్గర గుచ్చిన బతికున్న హెరింగ్. ఆ హెరింగ్‌ను బతికించుకోవడమే సగం విద్య. మూలలున్న పెట్టెలో వేస్తే మూలకు కుక్కుకుని చస్తాయి, అందుకని గుండ్రని తొట్టి కావాలి. నీటిలోకి గాలి ఆడుతుండాలి, కాస్త ఉప్పు కలపాలి. చేత్తో నలపకూడదు, పొలుసులు రాలిపోతాయి. సర్కిల్ హుక్ వాడితే చేప తగలగానే గుంజకూడదు. కర్ర కొస నీటిని ముట్టేదాకా వంగనిస్తే గాలం తనంతట తానే పెదవి మూలన దిగుతుంది. గుంజే అలవాటు మానడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. చేపలు పైపైనే ఉంటే గుండు లేకుండా ఎర వదలడం, చెక్కబోర్డుతో ఎరను పడవకు దూరంగా పక్కకు లాగించడం, నాలుగైదు ఎరలు కట్టిన అంబ్రెల్లా రిగ్‌ను నెమ్మదిగా ఈడ్చడం కూడా ఉన్నాయి.

ఇప్పటి సోనార్లు చేప ఎరను చూసి తల తిప్పుకోవడం కూడా చూపిస్తున్నాయి. వాడకూడదని అనను. కానీ తెరకే కళ్లప్పగించినవాడు పక్షుల్ని చూడడు, గాలి మళ్లిందని గమనించడు.

చలికాలపు వేటలో నాకు నచ్చే ఇంకో న్యాయం ఉంది. వేసవిలో లోతు నుంచి లాగిన స్ట్రైపర్‌ను పైనున్న వేడినీటిలోకి వదిలినా చాలావరకు బతకదు. జనవరిలో చల్లనీటి నిండా ఆక్సిజన్ ఉంటుంది, ఆలస్యం చేయకుండా వదిలితే ఈదుకుంటూ పోతుంది. బాస్ విషయంలో మాత్రం జాగ్రత్త. 40 అడుగుల నుంచి తెస్తే దాని గాలితిత్తి ఉబ్బి, కిందికి దిగలేక తేలిపోతుంది. కోటా నిండాక లోతులో వేట ఆపడమే మర్యాద.

వండుకునేవాళ్లు స్ట్రైపర్ చర్మం తీసి, పక్కల ఉండే ముదురెరుపు మాంసాన్ని కోసేయండి, నీచువాసన అక్కడిదే. మిగిలిన తెల్ల ముక్క పులుసులో విడిపోకుండా నిలుస్తుంది. పెద్ద చేపలు తరచుగా తినేముందు, ముఖ్యంగా గర్భిణులకూ పిల్లలకూ పెట్టేముందు, రాష్ట్రం ప్రకటించే సూచనలు చూడండి. 16 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి. 22 అంగుళాలు, అంతకు మించిన స్ట్రైపర్లు రోజుకు రెండే. ఇంకొకటి: ఆ చలినీటిలో పడితే ఈత వచ్చినవాళ్లకు కూడా చేతులు నిమిషాల్లో మాట వినవు. ఒంటిమీద లైఫ్ జాకెట్ బిగించుకున్నాకే పడవ తాడు విప్పండి.