కొండనడకకు ఏ కెమెరా?

1953 మే 29న ఎవరెస్టు శిఖరముపై హిల్లరీ తీసిన టెన్జింగ్ చిత్రము లోకప్రసిద్ధము. విమర్శకదృష్టితో చూచినచో అందు లోపములు లేకపోలేదు. ప్రాణవాయువు ముసుగు వలన టెన్జింగ్ ముఖము కానరాదు. వెనుక ఆకాశమే గాని, ఆ చోటు ఎవరెస్టు అనుటకు గుర్తు లేదు. అయినను హిల్లరీ అంతటితో ఆగక, శిఖరమునుండి దిగువకు సాగు కొండగట్టులను గూడ చిత్రించినాడు. అసలు సాక్ష్యము ఆ చిత్రములలోనే ఉన్నది. ఆయన వాడినది మడతపడు చిన్న కొడాక్ రెటినా కెమెరా. చలి తగులకుండ చొక్కాలోపల ఉంచుకొని మోసినాడు. సంచి అడుగున పడియున్న పెద్ద యంత్రముకంటె ఒంటిమీదనున్న చిన్న యంత్రమే మేలని దీనివలన తెలియుచున్నది.

నేటి కొనుగోలుదారులు మాత్రము “ఎన్ని మెగాపిక్సెళ్ళు?” అని మొదట అడుగుచున్నారు. ఇది సరియైన ప్రశ్న కాదు. కాంతిని గ్రహించు ఫలకము పెరగక, దానిలోని గడుల సంఖ్య మాత్రమే పెరిగినచో ఒక్కొక్క గడికి అందు కాంతి తగ్గును. అందుకే పలు ఫోనులు మసక వెలుతురులో ప్రక్కప్రక్క గడులను కలిపి ఒక్కటిగా లెక్కించుచున్నవి. సంఖ్యను చూపి అమ్మిన గడులను చీకటిలో తిరిగి కలుపుకొనుటయే ఇది!

వెలిగండ్ల ప్రాంతమునుండి వెలికొండలలోనికి నడచువారికి ఈ సంగతి భైరవకోనలో బోధపడును. చంద్రశేఖరపురం మండలములోని ఈ కోనలో రాతిని తొలిచిన ఎనిమిది గుహాలయములున్నవి. బయట మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు; గుహలోని నీడలో అందు వెయ్యోవంతు ఉండుటయు కష్టము. రెండింటిని ఒకే చిత్రమున పట్టబోయినచో లోపలి భాగము నల్లబడును, లేదా వెలుపలి భాగము తెల్లబోవును. లోపలి శిల్పమునకే వెలుతురును సరిచూచుకొని, కెమెరాను చేతికర్రపై ఆనించి, కాంతి పడు కాలమును పెంచవలెను. ప్రక్కన ఒక మనిషి నిలిచినచో కొలత తెలియును. ఈ కొలతయు, దిక్కును లేనందుననే జలపాతము ముందు దిగిన పెక్కు గుంపు ఫోటోలు జ్ఞాపకములుగా మిగులునే గాని ఆధారములు కాజాలవు.

బరువు మరియొక పరీక్ష. రెండు లీటర్ల నీరు రెండు కిలోలు; పెద్ద కెమెరా, అదనపు కటకములు, మూడుకాళ్ళ స్టాండు కలిసి అంతకు మించవచ్చును. వెలికొండల వేసవిలో నీటిని తగ్గించి కెమెరాను మోయుట ప్రాణాపాయము. ఎండలో రాతిపై వదలిన ఫోను వేడెక్కి ఆగిపోవును. దానిని నీడన ఉంచవలెను.

కాబట్టి బరువు, కటకపు ద్వారము, ఫలకపు వైశాల్యము, బ్యాటరీ నిలుచు కాలము — వీనిని ముందు విచారించి, గడుల సంఖ్యను చివర అడుగుట యుక్తము.